ఒకే దారి, రెండు జబ్బులు

వానలు పడగానే ఆదిలాబాద్ ఏజెన్సీ గూడేల్లో వాంతులు, విరేచనాల భయం మొదలవుతుంది. ఎండకాలంలో రామగుండం 45 డిగ్రీలు దాటిందంటే ఒంట్లో ఉప్పు నిలవని పసివాడు సోలిపోతాడు. ఈ రెండు కష్టాల వెనకా ఒకే ప్రోటీన్ ఉండొచ్చు. దాని పేరు సీఎఫ్‌టీఆర్. పేగు, చెమట గ్రంథి, ఊపిరితిత్తుల కణాల పొరలో ఉప్పులోని క్లోరైడ్‌కు అదే దారి. పేగులో క్లోరైడ్ బయటికి వస్తే వెంట నీరూ వస్తుంది. కలరాలో ఈ దారి మూతపడదు, సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యు జబ్బులో తెరుచుకోదు. అందుకే ఈ రెంటినీ అదుపు తప్పిన జబ్బులుగా చూడాలంటాను. కణం దీన్ని రెండంచెల్లో అదుపు చేస్తుంది. సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగితే ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్ దీనికి ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. ఆపైన కణానికి శక్తినిచ్చే ఏటీపీ వచ్చి అతుక్కుంటేనే దారి తెరుచుకుంటుంది, ఏటీపీ విచ్ఛిన్నం కాగానే మూసుకుంటుంది. కలరా విషం సైక్లిక్ ఏఎంపీని తగ్గనివ్వదు, దాంతో నీళ్లు లీటర్లకొద్దీ పోతాయి. ఓఆర్‌ఎస్ ఈ దారిని మూయదు. చక్కెర, సోడియం జంటగా లోపలికి వెళ్లే మరో దారిలో నీటిని ఒంట్లోకి చేరుస్తుంది. విరేచనాలు ఆగలేదని ప్యాకెట్ పక్కన పడేయకూడదనేది అందుకే.

సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో జన్యువే చెడినప్పుడు అదుపు మాటెందుకని అడగొచ్చు. ఆ జన్యువు 1989లో దొరికింది. అందులో ఎక్కువగా కనిపించే ఎఫ్508డెల్ లోపంలో 1480 అమైనో ఆమ్లాల్లో తగ్గేది ఒక్కటే. ప్రోటీన్ సరిగ్గా మడతపడక, పొరను చేరకముందే కణం దాన్ని చాలావరకు ముక్కలు చేసేస్తుంది. జీ551డీ లోపంలోనైతే ప్రోటీన్ పొరను చేరుతుంది, ఏటీపీ ఉన్నా తెరుచుకోదు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఐవకాఫ్టర్ అనే మందు జన్యువును ముట్టకుండానే దాన్ని తెరిపించింది.

సిస్టిక్ ఫైబ్రోసిస్ తెల్లవాళ్ల జబ్బు, మనకెందుకంటారా? వెతికితే కదా కనబడేది! దగ్గు న్యుమోనియా ఖాతాలోకీ, చిక్కిపోవడం తిండిలేమి ఖాతాలోకీ పోతున్నాయి. చెమట ఒంటిమీదికి వచ్చేలోపు అందులోని ఉప్పును వెనక్కి తీసుకునేదీ ఈ దారే. అది పనిచేయకపోతే ఉప్పంతా చెమటలో పోతుంది. 1948 న్యూయార్క్ వడగాలుల్లో ఈ జబ్బున్న పిల్లలు సోలిపోవడం చూశాకే డాక్టర్ డి శాంట్ ఆగ్నీస్ ఆ ఆరా తీసి, 1953లో చెమటలోని ఉప్పు సంగతి బయటపెట్టారు. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్ చేరితే అనుమానం గట్టిపడినట్టే. కొత్త మందుల ధర సామాన్యుడికి అందదు, నిజమే. ఉప్పు, తిండి అరిగేందుకు ఎంజైమ్ మాత్రలు, కఫం వదిలించే ఫిజియోథెరపీ మాత్రం అంత దూరం కావు. ముద్దాడితే ఉప్పగా తగిలే, బరువు పెరగని, పదేపదే దగ్గే బిడ్డ కరీంనగర్ ఆసుపత్రి మెట్లెక్కితే చెమట పరీక్షకు రాయడం డాక్టరు చేతిలోని పని.