స్కిల్స్ తూకం ఎక్కడ తప్పుతుంది? అపోహలు – వాస్తవాలు

నెట్‌ఫ్లిక్స్ సిరీస్ ‘స్ట్రేంజర్ థింగ్స్’ మొదటి ఎపిసోడ్‌లో నలుగురు పిల్లలు బల్ల చుట్టూ చేరి, అరుచుకుంటూ ఆడే ఆట ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ఈ ఆట 1974లో అమెరికాలో వెలువడింది. ఇందులో ఒకరు గేమ్ మాస్టర్‌గా కథ నడుపుతారు. మిగతావాళ్లు యోధుడిగానో, మాంత్రికుడిగానో, దొంగగానో ఆ కథలోకి దిగుతారు. గోడ ఎక్కడం, తాళం తీయడం, అబద్ధం పసిగట్టడం వంటి స్కిల్స్‌లో ఎవరి బలం ఎంతో అంకెల్లో రాసి ఉంటుంది. పని అయిందీ లేనిదీ పాచిక తేలుస్తుంది.

ఇలాంటి ఆటను సొంతంగా తయారుచేయాలనుకునేవాళ్లు ఎక్కువగా చిక్కుపడేది ఈ అంకెల దగ్గరే. అందుకు లెక్కలు రాకపోవడం కన్నా, లెక్కల గురించి పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే ఎక్కువ కారణం.

అపోహ: అందరికీ సమానంగా పాయింట్లు ఇస్తే తూకం కుదిరినట్టే.

వాస్తవం: పాయింట్లు సమానమైనా, వాటితో కొనుక్కునే స్కిల్స్ విలువ సమానం కాదు. చుట్టుపక్కల గమనించే స్కిల్ ప్రతి సన్నివేశంలో పనికొస్తుంది. ఈత స్కిల్ కథలో నది అడ్డొస్తేనే పనికొస్తుంది. 1986లో వచ్చిన ‘గర్ప్స్’ అనే ఆటలో పాత్రను పూర్తిగా పాయింట్లతోనే కొనుక్కోవాలి. అందులో కూడా స్కిల్ ధర నేర్చుకోవడానికి ఎంత కష్టమో దాన్నిబట్టే ఉంటుంది తప్ప, ఆటలో ఎన్నిసార్లు అక్కరకొస్తుందో దాన్నిబట్టి కాదు. ఆ రెండో లెక్క గేమ్ మాస్టర్ చూసుకోవాలి. సముద్రయానం కథ అనుకుంటే ఈత నేర్చినవాడు తెలివైనవాడు, ఎడారి కథ అయితే పాయింట్లు పారేసుకున్నవాడు. ఆ సంగతి పాత్రలు తయారయ్యేముందే ఆటగాళ్లకు చెప్పడం న్యాయం.

అపోహ: స్కిల్స్ జాబితా ఎంత పెద్దదైతే పాత్రలకు అంత శక్తి, ఆటకు అంత లోతు.

వాస్తవం: చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదట వచ్చినప్పుడు అందులో దొంగ పాత్రే లేదు. 1975లో ‘గ్రేహాక్’ అనే అనుబంధ పుస్తకంతో వచ్చింది. తాళాలు తీయడం, అలికిడి లేకుండా నడవడం వంటివి శాతాలతో సహా ఆ పాత్రకు రాసిచ్చారు. అంతకుముందు ఎవరైనా ‘నేను మెల్లగా నడుస్తాను’ అంటే గేమ్ మాస్టర్ సందర్భాన్నిబట్టి తీర్పు చెప్పేవాడు. జాబితా వచ్చాక, అది దొంగ పని, మిగతావాళ్లకు చేతకాదు అనే అర్థం స్థిరపడింది. కొత్త స్కిల్ ఒకరికి తలుపు తెరిచిందంటే మిగతావాళ్లకు మూసిందేమో చూసుకోవాలి.

స్కిల్స్‌ను ముక్కలు చేయడంలో ఇంకో నష్టం కూడా ఉంది. 2000లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూడో ఎడిషన్‌లో కనబడకుండా దాక్కోవడం ఒక స్కిల్, వినబడకుండా కదలడం మరో స్కిల్. కావలివాడి కన్నుగప్పి వెళ్లాలంటే రెండూ నెగ్గాలి. ఒక్కోదానిలో 60 శాతం అవకాశం ఉన్నా, రెండూ కలిస్తే మిగిలేది 36 శాతమే. పైగా రెండింటికీ విడివిడిగా పాయింట్లు పెట్టాలి. 2008 నాటి నాలుగో ఎడిషన్‌లో వీటిని కలిపేశారు. 2014 నాటి ఐదో ఎడిషన్‌లో మొత్తం స్కిల్స్ 18 మాత్రమే.

అపోహ: ఆరితేరినవాడి బోనస్ ఎంత పెరిగితే అంత మంచిది.

వాస్తవం: పాచికపై పడ్డ అంకెకు కలిపే బోనస్, పాచిక పరిధిని దాటకూడదు. మూడో ఎడిషన్‌లో 20వ లెవెల్ పాత్ర తన వర్గానికి చెందిన స్కిల్‌లో 23 ర్యాంకుల (అంటే +23 బోనస్) దాకా తెచ్చుకోవచ్చు. ఆ స్కిల్ ముట్టుకోనివాడికి సున్నా. వేసే పాచికకు ఉన్నవి 20 ముఖాలు. నిపుణుడికి సవాలుగా ఉండేలా కష్టం నిర్ణయిస్తే, పక్కవాడు 20 వేసినా గట్టెక్కడు. పక్కవాడికి తగ్గట్టు నిర్ణయిస్తే, నిపుణుడు పాచిక ముట్టుకోవాల్సిన పనే లేదు. ఐదో ఎడిషన్ ఈ తేడాను కుదించింది. శిక్షణ బోనస్ +2తో మొదలై, +6 దగ్గర ఆగుతుంది. దీనికీ ఖర్చుంది: పండితుడు తప్పిన చోట పామరుడు నెగ్గడం తరచూ జరుగుతుంది. రెండింట్లో ఏ ఇబ్బందిని భరించగలరో ఆట రాసేవాళ్లు ముందే తేల్చుకోవాలి.

అపోహ: ఏ పాచిక వాడినా ఫలితం ఒకటే.

వాస్తవం: 20 ముఖాల పాచికపై మామూలుగా ఒక్క పాయింటు విలువ 5 శాతం. ఆరు ముఖాల పాచికలు మూడు కలిపి వేస్తే మొత్తాలు మధ్యలో గుమిగూడతాయి. 216 కలయికల్లో 104, అంటే దాదాపు 48 శాతం, 9 నుంచి 12 మధ్యనే పడతాయి. గర్ప్స్ వాడేది ఈ పద్ధతే. స్కిల్ అంకె లేదా అంతకు తక్కువ పడితే గెలుపు. అక్కడ 10 నుంచి 11కి ఎదిగితే గెలుపు అవకాశం 50 నుంచి 62.5 శాతానికి ఎగబాకుతుంది. 15 నుంచి 16కి వెళ్తే పెరిగేది 3 శాతం లోపే. ధరల పట్టిక రాయకముందే పాచిక ఎంచుకోవాలనేది ఇందుకే.

అపోహ: వాడినకొద్దీ పెరిగే స్కిల్ సహజం, కాబట్టి తూకం దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఈ పద్ధతికి పేరు తెచ్చింది 1978 నాటి ‘రూన్‌క్వెస్ట్’ ఆట. విజయవంతంగా వాడిన స్కిల్‌కు గుర్తు పెట్టుకుంటారు, తీరిక దొరికాక అది పెరిగిందో లేదో పాచికతో తేలుస్తారు. స్కిల్ ఎంత ఎక్కువుంటే పెరగడం అంత కష్టం. ఆ బ్రేకు చక్కగా పనిచేస్తుంది. అయితే గుర్తుల కోసమే పోరాటం మధ్యలో ఆయుధాలు మార్చే ఆటగాళ్లూ తయారవుతారు. నియమం దేనికి బహుమతి ఇస్తుందో ఆటగాళ్లు అదే చేస్తారు.

అపోహ: ప్రతి పనికీ ప్రతి ఒక్కరూ పాచిక వేస్తేనే న్యాయం.

వాస్తవం: ఐదుగురు నక్కి నక్కి కోటలోకి వెళ్తున్నారు. ఒక్కొక్కరికి 70 శాతం అవకాశం ఉంది. ఐదుగురూ నెగ్గే అవకాశం 17 శాతమే. కనీసం సగంమంది నెగ్గితే జట్టంతా నెగ్గినట్టే అని ఐదో ఎడిషన్ నియమం పెట్టింది. దాని ప్రకారం అదే జట్టు అవకాశం 84 శాతం. రాబిన్ లాస్ రూపొందించిన ‘గమ్‌షూ’ పద్ధతి ఇంకా ముందుకెళ్లింది. 2007లో ‘ఎసోటెర్రరిస్ట్స్’ అనే ఆటతో వచ్చిన ఈ విధానంలో తగిన స్కిల్ ఉన్నవాడు తగిన చోట వెతికితే, కీలకమైన ఆధారం పాచిక లేకుండానే దొరుకుతుంది. ఓడిపోతే కథ ఆగిపోయే చోట పాచిక వేయించడం రాసినవాళ్ల పొరపాటే.

అపోహ: స్కిల్స్ పట్టిక సరిగ్గా ఉంటే చాలు, మంత్రాల సంగతి వేరు.

వాస్తవం: ఏళ్లు కష్టపడి దొంగ నేర్చిన తాళం విద్యను మాంత్రికుడు ‘నాక్’ మంత్రంతో ఒక్క మాటలో దాటేస్తాడు. ఐదో ఎడిషన్‌లో ఆ మంత్రానికి 300 అడుగుల దాకా వినిపించే చప్పుడు జతచేశారు. దాంతో నిశ్శబ్దంగా తెరవాల్సిన తాళం మళ్లీ దొంగ చేతికొచ్చింది. మంత్రాన్ని తీసేయక్కర్లేదు, దానికి వెల కడితే చాలు.

పాత్రల బలాలు సమానం కావాలని ఏ ఆటగాడూ అడగడు. తన పాత్ర ఎంచుకున్న విద్య కథను మలుపు తిప్పే అవకాశం రావాలని కోరుకుంటాడు. మీరు ఆట రాస్తున్నట్టయితే స్కిల్స్ జాబితా ఒక కాగితం మీద రాసి, ఆడిన ప్రతిసారీ వాడినవాటి పక్కన టిక్ పెట్టండి. కొన్ని ఆటల తర్వాత కూడా టిక్ పడని స్కిల్ ఉంటే దానికి తగ్గ సన్నివేశం రాయండి, లేదా దాన్ని తీసేసి ఆ పాయింట్లు ఆటగాడికి తిరిగివ్వండి.