పార్సిల్‌లో గడ్డకట్టిన ఇంక్ పాడైనట్టేనా? మన దగ్గర అసలు భయం ఎండతోనే

చౌటుప్పల్: అడ్మిషన్ల సీజన్ మొదలైందంటే జిరాక్స్ షాపుల ముందు జనం ఆగరు. మైనారిటీ గురుకులాల దరఖాస్తు, షాదీ ముబారక్ కాగితాలు, స్కాలర్‌షిప్ ఫారం, పిల్లల హాల్ టికెట్... అన్నిటికీ ప్రింటు కావాల్సిందే. సరిగ్గా అప్పుడే ప్రింటర్ గీతలు గీతలుగా కొడుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన కొత్త కాట్రిడ్జ్ వేసినా అదే తంతు. ‘దారిలోనే ఇంక్ పాడైంది’ అంటారు ఒకరు. ‘చలికి గడ్డకట్టి ఉంటుంది’ అంటారు ఇంకొకరు. ఇందులో నిజమెంత?

చలి వల్ల ఇంక్ గడ్డకట్టే మాట నిజమే. కానీ గడ్డకట్టిన ప్రతి కాట్రిడ్జూ పాడైనట్టు కాదు. పైగా చౌటుప్పల్‌కు వచ్చే పార్సిల్‌కు చలితో వచ్చే ముప్పు దాదాపు లేదు. ముప్పంతా ఎండతోనే.

చలికి ఏమవుతుంది?

ఇంక్‌జెట్ ప్రింటర్ ఇంక్‌లో ఎక్కువ భాగం నీళ్లే. అందులో రంగుతో పాటు గ్లైకాల్, గ్లిజరిన్ లాంటి ద్రవాలు కలుపుతారు. ఇంక్ త్వరగా ఆరిపోకుండా చూసేవి ఇవే. వీటి వల్లే అది సున్నా డిగ్రీల దగ్గర నీళ్లలా వెంటనే గడ్డకట్టదు. ఎప్సన్ కంపెనీ కొన్ని ప్రింటర్ల మాన్యువల్‌లో ఇంక్ గడ్డకట్టే ఉష్ణోగ్రతను మైనస్ 16 డిగ్రీలుగా రాసింది. గడ్డకట్టిన ఇంక్‌ను 25 డిగ్రీల గదిలో సుమారు 3 గంటలు ఉంచితే కరిగి మళ్లీ పనికొస్తుందనీ అందులోనే ఉంది.

మరి నష్టం ఎక్కడ? నీళ్లు మంచుగా మారితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. నిండా ఇంక్ ఉన్న కాట్రిడ్జ్‌లో ఆ ఒత్తిడికి సీలు వదులు కావచ్చు, ఇంక్ కారొచ్చు. ఇంక్ రకాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. డై ఇంక్‌లో రంగు నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది, కాబట్టి కరిగాక చాలావరకు మామూలుగా పనిచేస్తుంది. పిగ్మెంట్ ఇంక్‌లో రంగు సన్నటి రేణువులుగా తేలుతుంటుంది. గడ్డకట్టినప్పుడు ఆ రేణువులు ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి. మళ్లీ విడిపోతాయన్న నమ్మకం లేదు. తల వెంట్రుక కంటే సన్నటి నజిల్ రంధ్రంలో అలాంటి ముద్ద ఒక్కటి ఇరుక్కున్నా గీత పడుతుంది.

ఇంత చలి ఎక్కడుంటుంది? జనవరిలో లేహ్, కార్గిల్ రోడ్ల మీద ఉంటుంది. అమెరికాలో చికాగో, కెనడాలో టొరంటో లాంటి చోట్ల గుమ్మం ముందు రాత్రంతా పడి ఉన్న డబ్బాకు ఉంటుంది. అక్కడున్న మన బంధువులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీదుగా 50 కిలోమీటర్లు వచ్చే పార్సిల్‌కు ఆ బాధ లేదు. డిసెంబర్ తెల్లవారుజామున ఎంత వణికినా మన దగ్గర సున్నా డిగ్రీలకు పడిపోదు.

మన దగ్గర ఎండ సంగతి

ఉమ్మడి నల్గొండ వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు తాకే రోజులుంటాయి. ఎండలో మూసి నిలబెట్టిన వ్యాన్ లోపల వేడి బయటికంటే ఇంకా చాలా ఎక్కువ. ఎప్సన్ మాన్యువల్ ప్రకారమే 40 డిగ్రీల వేడిలో ఇంక్‌ను ఒక నెలకు మించి ఉంచకూడదు. రేకుల షెడ్డులో, షాపు అద్దం వెనక ఎండ తగిలే అల్మారాలో వేసవంతా పడి ఉన్న స్టాకు ఈ హద్దు దాటినట్టే.

వేడికి కాట్రిడ్జ్‌లోని గాలి వ్యాకోచించి ఇంక్‌ను బయటికి నెడుతుంది. నీళ్లు మెల్లగా ఆవిరై ఇంక్ చిక్కబడుతుంది. నజిల్ దగ్గర ఎండి పొలుసు కడుతుంది. ఫలితం... సగం రంగులు, తెల్లటి గీతలు.

ఉర్దూ కాగితాలకు ఇది ఇంకా ఇబ్బంది. ‘బే’కు ఒక నుక్తా, ‘తే’కు రెండు, ‘పే’కు మూడు. అక్షరం రూపం ఒకటే, తేడా అంతా చుక్కల్లోనే. ఒక్క నజిల్ మూసుకుపోయి చుక్క పడకపోతే పేరే మారిపోతుంది. శుభలేఖ అయినా, సర్టిఫికెట్ నకలైనా ప్రింటు తీశాక చుక్కలు సరిచూసుకోవడం మంచిది.

లేజర్ ప్రింటర్ టోనర్ సంగతి వేరు. అది సన్నటి ప్లాస్టిక్ పొడి. నీళ్లే లేవు కాబట్టి గడ్డకట్టదు. కానీ బాగా వేడెక్కితే పొడి ఉండలు కడుతుంది. ప్రింటర్ పనిచేసేదే ఆ పొడిని వేడితో కరిగించి కాగితానికి అతికించడం ద్వారా మరి.

ఏం చేయాలి?

చల్లటి చోటు నుంచి వచ్చిన పార్సిల్ అయితే సీలు విప్పకుండా కొన్ని గంటలు గదిలో ఉంచాలి. వెంటనే విప్పితే లోపల తేమ పడుతుంది. కరిగించడానికి పొయ్యి దగ్గరో, ఎండలోనో పెట్టకూడదు. దానంతట అదే కరగాలి.

ఎండాకాలంలో వచ్చిన పార్సిల్‌ను ఆ రోజే ఇంట్లోకి తీసుకుని, చల్లబడ్డాక విప్పాలి. డబ్బాకు ఇంక్ మరకలున్నాయా, సీలు ఊడిందా చూసి ఫొటో తీసి పెట్టుకోవాలి. కాట్రిడ్జ్‌ను ఫ్రిజ్‌లో దాచాల్సిన పని లేదు. ఎండ తగలని అల్మారా చాలు. ఏడాదికి సరిపడా స్టాకు ఒకేసారి కొనడం కంటే సీజన్‌కు రెండు మూడు కొనడం మేలు.

గీతలు వస్తే వెంటనే కాట్రిడ్జ్ పారేయొద్దు. ముందు నజిల్ చెక్ ప్రింట్ తీసి, హెడ్ క్లీనింగ్ ఒకటి రెండు సార్లు చేయాలి. అదే పనిగా చేస్తే ఉన్న ఇంక్ కాస్తా అయిపోతుంది. కొందరు బోరు నీళ్లతో నజిల్ తుడుస్తారు. మన వైపు నీళ్లలో లవణాలు ఎక్కువ, అవే వెళ్లి రంధ్రాల్లో పేరుకుంటాయి. తుడవాల్సి వస్తే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన మెత్తటి బట్ట వాడాలి.

అప్పటికీ పనిచేయకపోతే గడువు దాటకముందే బిల్లు, ఫొటోలతో వెనక్కి పంపాలి. అమ్మినవాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. దరఖాస్తుకు చివరి తేదీ రేపే అనుకోండి, ప్రింటర్‌తో కుస్తీ పట్టకండి. ఫైలును ఫోన్‌లో పెట్టుకుని పక్క షాపుకు వెళ్లి ప్రింటు తీయించుకోండి. కాట్రిడ్జ్‌ను తర్వాతైనా మార్చుకోవచ్చు, చివరి తేదీ మాత్రం ఆగదు.