మీకు తెలుసా? చిక్కని సాస్‌కు చెంచాడు నూనె చాలు

పాస్తా మన ఇళ్లలోకి వచ్చి చాలా కాలమైంది. పిల్లలు ఇష్టంగా అడుగుతారు, బరువు పెరుగుతామని పెద్దలు వెనకాడతారు. నిజానికి భారమంతా పాస్తాది కాదు. చాలావరకు దాని మీద పడే వెన్న, క్రీమ్, నూనెలది. సాస్‌లో కొవ్వు ముఖ్యంగా మూడు పనులు చేస్తుంది: వాసనలను పట్టి ఉంచుతుంది, చిక్కదనం ఇస్తుంది, అడుగంటకుండా కాపాడుతుంది. మొదటి పనికి కొవ్వు కావాలి, కానీ చెంచాడు సరిపోతుంది. మిగతా రెండు పనులూ స్టార్చ్, నీళ్లు చేసిపెడతాయి.

ఒక్క చెంచాలో 120 క్యాలరీలు

పిండి పదార్థాలు, మాంసకృత్తులు గ్రాముకు 4 క్యాలరీలు ఇస్తే కొవ్వు 9 ఇస్తుంది. టేబుల్ స్పూన్ నూనె సుమారు 14 గ్రాములు, అంటే దాదాపు 120 క్యాలరీలు. వేరుశనగ నూనె అయినా, పొద్దుతిరుగుడు నూనె అయినా, ఖరీదైన ఆలివ్ నూనె అయినా ఈ లెక్క మారదు. ఆలివ్ నూనెకు మంచి పేరు వచ్చింది అందులోని కొవ్వు రకాన్ని బట్టే, క్యాలరీలు తక్కువని కాదు. ఒకరికి సరిపడే 75 గ్రాముల పొడి పాస్తాలో ఉండేవి 260 నుంచి 270 క్యాలరీలు. దాని మీద కొలవకుండా రెండు టేబుల్ స్పూన్ల నూనె పోస్తే ఇంచుమించు మరో ప్లేటు పాస్తా కలిపినట్టే.

హైదరాబాద్ చెప్పిన కొలత

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకు 2,000 క్యాలరీల భోజనంలో నూనెలు, కొవ్వులు కలిపి 27 గ్రాములు చాలని అందులో సూచించింది. అంటే రెండు టేబుల్ స్పూన్లకు కాస్త తక్కువ. ఈ లెక్కన నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు, నెయ్యి, వెన్నతో సహా. నెల మొదట్లోనే అంత నూనె విడిగా ఒక డబ్బాలో పోసి వాడుకోండి. ఎక్కడ చేయి జారుతోందో మీకే తెలిసిపోతుంది. సీసా నుంచి నేరుగా బాణలిలోకి వంచడం మానేసి చెంచాతో కొలవడం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

పారబోసే నీళ్లలోనే చిక్కదనం

పాస్తా ఉడికిన నీళ్లను సింకులో వంచేస్తున్నారా? అవి మన అన్నం గంజి లాంటివే. ఉడికేటప్పుడు గోధుమలోని స్టార్చ్ ఆ నీళ్లలోకి దిగుతుంది. అది నూనె బిందువులు మళ్లీ ఒకచోట చేరి పైకి తేలకుండా అడ్డుకుంటుంది. అందుకే చెంచాడు నూనెకు అరకప్పు పాస్తా నీళ్లు చేర్చి, మంట మీద గట్టిగా కలియబెడితే సాస్ నున్నగా తయారై ప్రతి ముక్కకూ అంటుకుంటుంది. పాస్తాను మామూలుకన్నా తక్కువ నీళ్లలో ఉడికిస్తే ఆ నీళ్లు ఇంకా చిక్కగా వస్తాయి. అవే సాస్‌లోకి వెళ్తాయి కనుక ఉప్పు కాస్త తగ్గించండి. పాస్తాను ఒక నిమిషం ముందే తీసి, చివరి ఉడుకు సాస్‌లోనే పట్టనివ్వండి.

రోమ్ నగరపు కార్బొనారాలో క్రీమ్ ఉండదు

కార్బొనారా అనగానే చాలామంది క్రీమ్ ప్యాకెట్ వెతుకుతారు. రోమ్ సంప్రదాయ పద్ధతిలో అందులో వేసేవి గుడ్లు, పెకొరీనో చీజ్, పంది దవడ మాంసంతో చేసే గ్వాంచాలె, మిరియాలు. వేడి పాస్తా తగిలి గుడ్డు మెల్లగా చిక్కబడటంతోనే ఆ మెత్తని సాస్ వస్తుంది. అదే నగరంలో పుట్టిన కాచో ఎ పేపేకు చీజ్, మిరియాలు, పాస్తా నీళ్లు ఉంటే చాలు. 20వ శతాబ్దం తొలినాళ్లలో రోమ్‌లో ఆల్ఫ్రెడో ది లేలియో పేరు తెచ్చిపెట్టిన ఫెట్టుచినే ఆల్ఫ్రెడోలోనూ వెన్న, పార్మెజాన్ చీజే ఉండేవి. అందులో క్రీమ్ చేరింది అమెరికాకు వెళ్లాకే. ఈ వంటల్లో కొవ్వు లేదని కాదు. నున్నదనానికి క్రీమ్ తప్పనిసరి కాదని ఇవి చూపిస్తున్నాయి. ఒక జాగ్రత్త: స్టవ్ ఆపాకే చీజ్ కలపండి, వేడి ఎక్కువైతే ముద్దకడుతుంది. సన్నగా తురిమితే కొంచెం చీజే ప్లేటంతా పరుచుకుంటుంది.

వైట్ సాస్‌లో వెన్న పని చల్లని పాలు చేస్తాయి

బెషమెల్ అనే ఫ్రెంచి వైట్ సాస్‌కు వెన్న, మైదా సమాన తూకంలో వేయించి పాలు పోస్తారు. అక్కడ రుచితో పాటు వెన్న చేసే ముఖ్యమైన పని మైదాను ఉండకట్టకుండా చూడటం. చల్లని పాలతోనూ ఆ పని జరుగుతుంది. రెండు టేబుల్ స్పూన్ల కార్న్‌ఫ్లోర్‌ను కాసిని చల్లని పాలలో కలిపి, కాగుతున్న అర లీటరు పాలలో పోస్తూ తిప్పండి. రెండు మూడు నిమిషాల్లో సాస్ సిద్ధం.

తేడా ఎంతో చూడండి. నలుగురికి 50 గ్రాముల వెన్న, 25 శాతం కొవ్వున్న క్రీమ్ 200 మిల్లీలీటర్లు వేస్తే కొవ్వే 90 గ్రాములు, అంటే 810 క్యాలరీలు. 1.5 శాతం కొవ్వుండే డబుల్ టోన్డ్ పాలు అర లీటరు తీసుకుని, చివర్లో 10 గ్రాముల వెన్న కలిపితే కొవ్వు 16 గ్రాములు దాటదు. పాలలోని చక్కెర, మాంసకృత్తులు, కార్న్‌ఫ్లోర్ లెక్క చేర్చుకున్నా ఒక్కొక్కరికి వందకు పైగా క్యాలరీలు తగ్గుతాయి.

ఉల్లిపాయకు నీళ్లు చాలు

సాస్‌కైనా కూరకైనా ఉల్లిపాయలు వేయించేటప్పుడే నూనె ఎక్కువగా పోస్తాం. ఒక చెంచా నూనెలో ఉల్లిపాయలు వేసి, చిటికెడు ఉప్పు చల్లి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచండి. వాటిలోని నీరే బయటికొచ్చి మగ్గిస్తుంది. తర్వాత మూత తీసి, అడుగంటుతుంటే రెండు చెంచాల నీళ్లు చల్లి గరిటెతో గీరండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే అడుగున పట్టిన ఆ గోధుమరంగే ఉల్లిపాయలకు ఎక్కి రుచినిస్తుంది.

వంకాయ నూనె తాగేదెందుకు?

సిసిలీలోని కటానియా నగరానికి పేరు తెచ్చిన పాస్తా అల్లా నోర్మాలో వేయించిన వంకాయ, టమాటా, ఉప్పు పట్టించిన రికోటా చీజ్ ఉంటాయి. పచ్చి వంకాయ కండలో గాలి గదులు ఎక్కువ కాబట్టి బాణలిలో వేయగానే నూనె పీల్చేస్తుంది. ముందుగా ఐదు నిమిషాలు ఆవిరిమీద మగ్గిస్తే ఆ గదులు కూలిపోతాయి. తర్వాత చెంచాడు నూనెలో వేయించినా సరిపోతుంది. పుట్టగొడుగులకూ ఇదే దారి: ముందు కాసిని నీళ్లలో మగ్గించి, నీరు ఇగిరాక నూనె వేయండి.

ఉడికే నీళ్లలో నూనె వృథా

పాస్తా అతుక్కోకుండా నీళ్లలో నూనె వేసే అలవాటు చాలామందికి ఉంది. ఆ నూనె పైన తేలుతుంది, పాస్తా అడుగున ఉడుకుతుంది. వార్చేటప్పుడు మాత్రం కొంత పాస్తాకు పట్టి సాస్‌ను అంటనివ్వదు. మొదటి రెండు నిమిషాలు గరిటెతో తిప్పితే చాలు, అతుక్కోదు.

సున్నా అని రాసి ఉన్నా సున్నా కాదు

అమెరికాలో అమ్మే చాలా నూనె స్ప్రే డబ్బాల మీద సున్నా క్యాలరీలు అని ఉంటుంది. ఒక వడ్డనలో 5 క్యాలరీలకన్నా తక్కువుంటే సున్నా అని రాయడానికి అక్కడి నియమాలు ఒప్పుకుంటాయి. చాలా డబ్బాల మీద ఒక వడ్డన అంటే పావు సెకను పాటు నొక్కడమే. అక్కడి మన కుటుంబాలు స్ప్రే నిరభ్యంతరంగా వాడవచ్చు, నొక్కే సమయం మీద ఒక కన్నేసి ఉంచితే చాలు.

క్రీమ్‌కు బదులు పెరుగు, మజ్జిగ పులుసు ఒడుపుతో

వేడి సాస్‌లో పెరుగు విరిగిపోతుందని భయమా? మజ్జిగ పులుసులో సెనగపిండి కలపడం మనకు తెలిసిందే. పిండిలోని స్టార్చ్ పెరుగును విరగకుండా ఆపుతుంది. అరకప్పు పెరుగుకు ఒక టీ స్పూన్ సెనగపిండి లేదా కార్న్‌ఫ్లోర్ గిలకొట్టి, సన్నని సెగ మీద సాస్‌లో కలిపి పచ్చివాసన పోయేదాకా తిప్పండి.

కొవ్వు అసలే లేకపోతే నష్టం

టమాటాకు ఎర్రరంగు ఇచ్చే లైకోపీన్, క్యారెట్‌లోని బీటా కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొంత కొవ్వు కావాలి. విటమిన్ ఎ, డి, ఇ, కె కూడా కొవ్వుతోనే ఒంట్లోకి చేరతాయి. కాబట్టి నూనెను పూర్తిగా మానేయకండి. వంట మొదట్లో సగం చెంచా వేయండి. మిగతా సగం స్టవ్ ఆపాక, వెల్లుల్లి వాసన పట్టిన నూనెగానో, కాసింత వెన్నగానో పైన వేయండి. మనం పప్పు మీద చివర్లో పోపు పెట్టేదీ ఇలాగే. పైన ఉన్న కొవ్వు వాసన ముద్ద నోటికి చేరకముందే తెలుస్తుంది, అందుకే తక్కువ వేసినా నిండుగా అనిపిస్తుంది. ఇంటిల్లిపాదీ తృప్తిగా తింటూనే ఆరోగ్యంగా ఉండటానికి ఈ చిన్న మార్పు చాలు.