‘ఉద్యోగం’ అనే మాట, సొంత వ్యాపారమనే కోరిక

విద్యార్థుల్లో సొంతంగా ఒక వ్యాపారమో పరిశ్రమో పెట్టాలన్న సంకల్పం ఎందుకు కలుగుతుంది, ఎందుకు కలగదు అన్న ప్రశ్నను వాణిజ్యశాస్త్రం వాళ్లకు వదిలేసి మన దారిన మనం పోవడం పరిపాటి. కానీ దానికి వచ్చిన ప్రసిద్ధమైన జవాబుల్లో ఒకటి పూర్తిగా కథల మీద ఆధారపడింది. పైగా దాన్ని పరీక్షకు పెట్టింది మన కాకినాడలో. కాబట్టి ఇది మన విమర్శ పరిధిలోకి వచ్చే విషయమే.

హార్వర్డ్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డేవిడ్ మెక్లెలాండ్ 1961లో ‘ది అచీవింగ్ సొసైటీ’ అనే గ్రంథం వెలువరించాడు. చేసే పనిని మునుపటికన్నా మెరుగ్గా చేసి చూపాలనే తపన వ్యాపారానికి మూలమని ఆయన సిద్ధాంతం. తెలుగులో దీన్ని ‘సాధనాకాంక్ష’ అనుకుందాం. దాన్ని ఆయన కొలిచిన తీరు విచిత్రమైనది. మనిషికి ఒక బొమ్మ చూపించి, దాని మీద కథ రాయమంటాడు. ఆ కథలోని పాత్ర లక్ష్యం పెట్టుకుందా, అడ్డంకిని గుర్తించిందా, దాటే ఉపాయం ఆలోచించిందా అని చూసి మార్కులు వేస్తాడు. అంతటితో ఆగక, వివిధ దేశాల్లో 1925 ప్రాంతంలో పిల్లలు చదివిన వాచకాల్లోని కథలకు కూడా ఇలాగే మార్కులు వేసి, తర్వాతి పాతికేళ్లలో ఆ దేశాల విద్యుదుత్పత్తి పెరుగుదలతో పోల్చాడు. రెండింటికీ పొత్తు కుదిరిందన్నాడు. సాహిత్యం సమాజాన్ని మారుస్తుందని వాదించే మనకు కరెంటు లెక్కల్లో సాక్ష్యం దొరికినట్టే! అయితే తొందరపడి సంతోషించనక్కరలేదు. ఆ తర్వాతి కాలానికి ఇదే లెక్క వేసి చూసిన పరిశోధకులకు ఆ పొత్తు కనిపించలేదు.

కాకినాడ ప్రయోగం 1964లో మొదలైంది. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ‘సియెట్’ సహకారంతో, 50 మందికి పైగా కాకినాడ వ్యాపారులకు కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. వాళ్లచేత కథలు రాయించి, సాధనాకాంక్ష కనిపించేలా వాటిని తిరగరాయించడం అందులో ముఖ్యమైన భాగం. ఒక రకంగా అది కథారచన శిబిరమే. రాజమండ్రి వ్యాపారులతో పోల్చి చూసి, శిక్షణ పొందినవాళ్లు తర్వాత ఎక్కువ చొరవ చూపారని 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి రాసిన గ్రంథంలో తేల్చారు.

ఆ గ్రంథంలోనే నాకు అసలైనదిగా తోచిన మాట ఇంకొకటి ఉంది. శిక్షణ ప్రధానంగా పనిచేసింది తన వ్యాపారంలో నిర్ణయాధికారం తన చేతిలో ఉన్నవాడి మీదనే. గల్లాపెట్టె తాళంచెవి తన దగ్గర లేనివాడి కథ మారినా బతుకు పెద్దగా మారలేదన్నమాట. సంప్రదాయ విశ్వాసాలు ఈ మార్పుకు అడ్డు రాలేదని కూడా వాళ్లు గమనించారు. నిజమే కావచ్చు. కానీ కులం విశ్వాసం మాత్రమే కాదు కదా. మన దగ్గర అది అప్పు పుట్టే చోటు, సరుకు అరువు దొరికే చోటు.

నేటి పరిశోధకులు ఎక్కువగా ఆశ్రయించేది ఐసెక్ ఐజెన్ 1991లో విస్తరించి చెప్పిన నమూనాను. దాని ప్రకారం సంకల్పానికి మూడు ఆధారాలు: ఆ పని మీద మనకున్న భావం, అయినవాళ్లు మననుంచి ఆశించేది, ఆ పని మన చేతనవుతుందన్న నమ్మకం.

రెండోదానికి మన భాషే పెద్ద సాక్షి. సంస్కృతంలో ఉద్యోగమంటే పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం యుద్ధ సన్నాహమే తప్ప అక్కడ నెలజీతాల ప్రసక్తి లేదు. ఆ మాట తెలుగులో మొదటి తారీకు జీతంగా కుదించుకుపోయింది. ‘ఉద్యోగం పురుషలక్షణం’ అని తండ్రి కొడుక్కి చెప్పినప్పుడు పూనమని చెప్పడం లేదు, కొలువులో చేరమంటున్నాడు. స్త్రీల పూనిక ఆ సామెతలో లెక్కకే రాదు. ఇక పత్రికలవాళ్లు ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’ అంటున్నారు. నాటకాల్లో ఔత్సాహిక నటుడంటే ఎవరో మనకు తెలుసు.

మొదటిదాని సంగతి నా తరగతిలో చూశాను. పదో తరగతి పిల్లలకు ‘పెద్దయ్యాక నేను’ అని వ్యాసం ఇచ్చాను. ఎరువుల దుకాణం యజమాని కొడుకు పాల డెయిరీ పెడతానని రాశాడు. యంత్రాలు, వ్యాన్లు అన్నీ ఉన్నాయి. ఇడ్లీబండి నడిపే తల్లి కూతురు, ‘నాకు ఉద్యోగం వస్తే అమ్మచేత బండి మానిపిస్తాను’ అని రాసింది. మెక్లెలాండ్ పద్ధతిలో దిద్దితే మార్కులు అబ్బాయికే. కానీ తెల్లవారుజామున లేచి పిండి రుబ్బడం, రోజువారీ వడ్డీకి తెచ్చిన డబ్బు సాయంత్రానికి చెల్లించడం ఎరిగినది ఆ అమ్మాయి. ఆమెకు వ్యాపారమంటే తెలియక కాదు, తెలిసే వద్దంటోంది. దీన్ని ‘చొరవ లేకపోవడం’ అని లెక్కగట్టే ప్రశ్నావళి ఎంత శాస్త్రీయంగా కనిపించినా నాకు గుడ్డిదిగానే తోస్తుంది.

మూడోదైన నమ్మకం ఉన్నా, దాని వెనుక నిజమైన ఆసరా లేకపోతే సంకల్పం పనిగా మారదని ఐజెన్ కూడా ఒప్పుకుంటాడు. సాధనాకాంక్ష గలవాడు మరీ దగ్గరనుంచీ మరీ దూరంనుంచీ కాక నడిమి దూరంనుంచి రింగు విసురుతాడని, అంటే మధ్యస్థమైన ప్రమాదాన్ని ఎంచుకుంటాడని మెక్లెలాండ్ చూపాడు. బాగుంది. మరి ఎవరికి ఏది మధ్యస్థం? విసిరిన రింగు తప్పితే ఒకడు మళ్లీ విసురుతాడు. ఇంకొకడికి ఇంటిస్థలం పోతుంది. కారా మాస్టారి ‘యజ్ఞం’లో అప్పల్రాముడి అప్పు మూడోతరం మీద పడకుండా సీతారాముడు కన్నకొడుకునే చంపుకుంటాడు. ఓటమి ఖరీదు మనిషి మనిషికీ ఎలా మారుతుందో ఆ కథ చెప్పినంతగా ఏ సర్వేలోనూ నేను చదవలేదు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా పొలాల్లో పోగైన మిగులు బియ్యపు మిల్లుల్లోకి, తర్వాత సినిమాల్లోకి, ఇతర పరిశ్రమల్లోకి పారింది. ఆ కుటుంబాల పిల్లలకు సాహసించే గుణం పుట్టుకతో వచ్చిందని ఎవరైనా అంటే నేను నమ్మను. ఒక పంట పోయినా నిలబడగల పొలం వాళ్ల వెనక ఉంది. ‘ఖాళీ చేతులతో వచ్చి’ గెలిచినవారి జీవితకథలను విద్యార్థులకు చెప్పేటప్పుడు, తొలి పెట్టుబడి ఎవరిచ్చారు, మొదటిసారి నష్టం వచ్చినప్పుడు ఎవరింట అన్నం తిన్నారు అన్న రెండు వాక్యాలు సాధారణంగా కనిపించవు. అలాంటి కథలు విన్నప్పుడు మా పిల్లలు వేయవలసిన ప్రశ్నలుగా ఆ రెంటినీ బోర్డు మీద రాస్తున్నాను.