అటకమీది ఆటపెట్టె

పిల్లలూ! పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఫ్యాక్టరీల చుట్టూ వెలసిన కాలనీల్లో ఉండే మీ మామయ్యనో, చిన్నాన్ననో అడిగి చూడండి. 1990లలో బొమ్మల కొట్లలో అమ్మిన "బ్రిక్ గేమ్" వారికి గుర్తుండే ఉంటుంది. పైనుంచి రాలే ఇటుకలను వరుసగా పేర్చాలి. పెట్టెమీద "9999 ఆటలు" అని ఉండేది. నిజానికి ఉన్నవి కొద్ది ఆటలే; వేగమూ స్థాయీ మార్చి లెక్క పెంచారు!

ఆ ఇటుకల ఆట అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించాడు. ఇక చేతిలో ఇమిడే పెట్టె సంగతి. జపానులో నింటెండో ఇంజనీరు గున్‌పేయి యొకోయి, రైలులో ఒకాయన కాలక్షేపానికి కాలిక్యులేటరు బొత్తాలు నొక్కుతుంటే చూశాడట. అప్పటికి కాలిక్యులేటరు తెరలు చవకయ్యాయి. వాటితోనే 1980లో "గేమ్ అండ్ వాచ్" వచ్చింది. ఆ వరుసలో 4 కోట్లకు పైగా పెట్టెలు అమ్ముడయ్యాయి. 1989లో ఆయన బృందమే గేమ్‌బాయ్ తెచ్చింది. అదే ఏడాది వచ్చిన అటారీ లింక్స్‌కు రంగుల తెర ఉంది. కాని 6 సెల్స్ నాలుగైదు గంటల్లో మింగేసేది. రంగుల్లేని గేమ్‌బాయ్ 4 సెల్స్‌తో పది గంటలు దాటి నడిచేది. ఏది గెలిచిందో ఊహించగలరు కదా!

ఈ తెర ఎలా పనిచేస్తుంది? రెండు గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికాలు మెలితిరిగి ఉంటాయి. పలకల వెలుపల రెండు ధ్రువణ పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. మొదటి పొర దాటిన కాంతిని స్ఫటికాలు 90 డిగ్రీలు తిప్పి రెండోదానిగుండా పంపుతాయి. విద్యుత్తు తగిలితే మెలిక విడిపోతుంది, కాంతి ఆగిపోతుంది, అక్కడ నల్లగా కనిపిస్తుంది. గేమ్ అండ్ వాచ్‌లో బొమ్మ కదలదు! ప్రతి భంగిమకూ ఒక ఆకారం ముందే అమర్చి ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి వెలసి మాయమవుతాయి.

పాత పెట్టెలు సేకరించేవారు మొదట చూసేది ఈ తెరనే. రేకుల ఇంటి అటకమీది వేసవి వేడికి ధ్రువణ పొర పాడైతే భయం లేదు, కొత్త పొర అతికించవచ్చు. లోపలి ద్రవమే పాడైతే మందు లేదు. 1979 నాటి మైక్రోవిజన్ పెట్టెల్లో చాలా వాటికి పట్టిన గతి అదే. అందుకే తెర బాగున్న మైక్రోవిజన్ అంత అరుదు.

తర్వాత సెల్స్ అర తెరవండి. ఆల్కలైన్ సెల్ నుంచి కారి తెల్లగా పేరుకున్నది క్షారం. పెద్దల సాయంతో, చేతికి తొడుగు వేసుకుని, వెనిగర్‌లో తడిపిన దూదితో తుడవాలి. సెల్స్ అర మూత పోయి ఉంటే వెతికి పెట్టండి. సేకర్తలు దానికీ విలువ కడతారు.

గేమ్‌బాయ్ దొరికితే మరో జాగ్రత్త. కొన్ని ఆటల క్యాసెట్ల లోపల చిన్న బిళ్ల సెల్ ఉంటుంది. ఆడుతూ దాచుకున్న ఆటను నిలిపేది అదే. ముందుగా నకలు తీసుకోకుండా ఆ సెల్‌ను ఊడదీస్తే, మీ మామయ్య చిన్ననాడు దాచుకున్న ఆట ఆ క్షణంలోనే చెరిగిపోతుంది.