ముందు సెలవు... తర్వాతే ముహూర్తం

ముందు అబ్బాయి సెలవు సంగతి తేలాలి. ముహూర్తం మాట ఆ తర్వాత. గంపలగూడెం మండలం నెమలిలో గానీ, తిరువూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో గానీ శుభకార్యం తలపెట్టిన ఇంట్లో మొదట వినిపించేది ఇదే. అబ్బాయి డల్లాస్‌లో ఉంటే ఒక లెక్క, హైదరాబాద్‌లో ఉంటే ఇంకో లెక్క.

వంటింటి గోడకున్న గడుల క్యాలెండరులో పండగలు ఎర్రరంగులో అచ్చై ఉంటాయి. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, డ్వాక్రా వాయిదా, చీటీ పాట రోజు, తిరుమల దర్శనం టిక్కెట్టు, మనవరాలి ఓణీల ఫంక్షను మాత్రం పెన్నుతో రాసుకున్నవి. ఆ ఇంటి ఏడాది ఎలా గడిచిందో తెలియాలంటే అచ్చుకన్నా పెన్ను గీతలే చదవాలి.

పంచాంగానికీ పాస్‌పోర్టుకూ పొత్తు కుదరదు

అమెరికా ఉద్యోగాల్లో సెలవు తేలిగ్గా దొరికేది డిసెంబరు ఆఖర్లో. సరిగ్గా అప్పుడే ఇక్కడ ధనుర్మాసం. నెల పట్టిన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా పెళ్లిళ్లు పెట్టుకోరు. పోనీ సంక్రాంతి దాకా ఉంటారా అంటే, అక్కడి బడులు జనవరి మొదటివారంలో తెరుస్తారు. అరిసెలకు పాకం పట్టేవేళకు మనవలు విమానంలో ఉంటారు. మొన్నటి చలికాలమైతే మరీ అన్యాయం. 2025 నవంబరు చివరి నుంచి 2026 ఫిబ్రవరి మధ్య దాకా శుక్ర మూఢమే. పెళ్లికీ లేదు, గృహప్రవేశానికీ లేదు.

వేసవి మాటేమిటి? ఇక్కడ ఏప్రిల్ ఆఖర్లో మూసిన బడులు జూన్ 12న తెరుస్తారు. అక్కడి పిల్లలకు రాష్ట్రాన్ని బట్టి మే చివరో జూన్‌లోనో సెలవులు మొదలవుతాయి. నెమలిలో ఉన్న బావ, డల్లాస్‌లో ఉన్న మరదలు ఒకే చింతచెట్టు కింద ఆడుకునే రోజులు ఏడాది మొత్తానికి పట్టుమని పది ఉంటే గొప్ప. 2026లో ఆ కాస్త సందులోకీ అధిక జ్యేష్ఠం వచ్చి కూర్చుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా. ఆ తర్వాత నిజ జ్యేష్ఠం ఒక్కటే ఆశ. జులై మధ్యలో ఆషాఢం పడుతుంది. ఆగస్టు 13న శ్రావణం వచ్చేనాటికి టెక్సాస్, జార్జియాల్లో బడి గంట మోగుతుంది.

అందుకే గత పదిహేనేళ్లలో ఇళ్లలో పెరిగిన వేడుకలేమిటో గమనించండి. పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పాతికేళ్ల దాంపత్యం, పంచెల ఫంక్షను, ఓణీల ఫంక్షను. అన్నీ ముహూర్తం పట్టింపు తక్కువున్నవే. పంతులుగారు "పర్లేదు, కానివ్వండి" అనగలిగినవే. డబ్బు పెరిగి ఆర్భాటం పెరిగిందని అందరూ అంటారు. అదీ నిజమే, కానీ సెలవుల ఇరుకు కూడా ఒక కారణమని నా లెక్క. పిల్లలు వచ్చిన పది రోజుల్లో బంధువులందరినీ ఒక పందిట్లో చూపించాలంటే ఏదో ఒక ఫంక్షను ఉండాలి కదా. ఓణీ అమ్మాయికి కట్టినా, ఆ పందిరి అమ్మమ్మ కోసం వేసిందే.

ఈ ఏర్పాట్లన్నీ ఎంత పెళుసైనవో 2025 దసరాకు తేలింది. సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుముకు సంతకం పెట్టారు. ఇక్కడ తెల్లారేసరికి కుటుంబాల వాట్సాప్ గ్రూపులు హోరెత్తాయి. రెండ్రోజుల్లో దేవీ నవరాత్రులు. పండక్కి వచ్చినవాళ్లలో కొందరు అందిన టిక్కెట్టు కొని వెనక్కి పరిగెత్తారు. ఆ రుసుము కొత్త దరఖాస్తులకేనని మర్నాడు వివరణ వచ్చింది. అప్పటికే వెళ్లిపోయినవాళ్లు విమానాశ్రయాల్లో ఉన్నారు, వాళ్ల కోసం వండిన పులిహోర ఇంట్లో ఉంది.

డెబ్బై ఏళ్ల తిరునాళ్ల

నెమలికి తనదంటూ ఒక పండగ ఉంది. వేణుగోపాలస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో జరుగుతాయి. స్వామి విగ్రహం దొరికింది 1953లో, మట్టి తవ్వుతుంటే. గుడి ఆ తర్వాత వచ్చింది. ఊరికింత పేరు తెచ్చిన వేడుకను పుట్టుక నుంచీ చూసిన తాతలు, నాన్నమ్మలు ఇంకా ఉండదగినంత దగ్గరి కాలం అది. అనాదిగా వస్తున్న ఆచారం అనడం మనకు అలవాటు గానీ, క్యాలెండరులో కొత్త పండగ చేరడానికి ఒక జీవితకాలం చాలు.

ఆ గుడి చుట్టూనే ఇంటి మైలురాళ్లు కూడా. అన్నప్రాశనకు అన్నం గిన్నె స్వామి ముందు పెట్టి తెచ్చేవాళ్లు, కొత్త బండికి నిమ్మకాయలు తొక్కించేవాళ్లు, పెళ్లి శుభలేఖకు పసుపు రాసి మొదటి కాపీ అక్కడ ఉంచేవాళ్లు. తిరునాళ్లకు మాత్రం విదేశాల పిల్లలు రావడం అరుదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ ఇంత దూరం వచ్చేంత పెద్ద సెలవులు ఉండవు. వీడియో కాల్‌లో కల్యాణం చూస్తారు. ఫోను పట్టుకునే పని మేనల్లుడిది. జనం తోసుకుంటుంటే స్వామికి బదులు ఎవరి భుజమో కనిపిస్తుంటుంది.

మిరప చెప్పినట్టు

వేడుక తేదీని సెలవు తేల్చినా ఖర్చు తేల్చేది పంటే. సంక్రాంతికి ధాన్యం ఇంటికి చేరి ఉంటుంది, పత్తి చాలావరకు అమ్ముడై ఉంటుంది. మిరప మాత్రం ఇంకా చేలోనే. కోతలు, కల్లాల్లో ఆరబెట్టడం ఏప్రిల్ దాకా నడుస్తాయి. తేజ రకమైతే ఖమ్మమో గుంటూరో పోవాలి. గుంటూరు యార్డుకు మే నెలలో వేసవి సెలవులు. బడి పిల్లల్లాగే దానికీ సెలవులే. ఆలోపు అమ్మితే ఎరువుల కొట్టు బాకీ తీరుతుంది, మిగిలితే పందిరి పడుతుంది. 2025 ఫిబ్రవరిలో ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల లెక్కన మార్కెట్ జోక్య పథకం ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది ఓణీల ఫంక్షను వచ్చే ఏడాదికి పోతుంది. బయటికి చెప్పే కారణం మాత్రం ముహూర్తం కుదరలేదనే.

రెండు రాష్ట్రాల ఇల్లు

నెమలికి తెలంగాణ దగ్గర. రైలెక్కాలన్నా మధిరకే పోవాలి, తిరువూరులో స్టేషన్ లేదు. వియ్యాలు ఎప్పట్నుంచో అటూ ఇటూ సాగుతున్నాయి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక ఒకే కుటుంబం రెండు సెలవుల జాబితాల కిందికి వచ్చింది. మధిరకు ఇచ్చిన కూతురి పిల్లలకు దసరా సెలవులు ఎక్కువ, పుట్టింట్లో ఉన్న మేనల్లుళ్లకు సంక్రాంతి సెలవులు ఎక్కువ. కూతురు బతుకమ్మ ఆడి వస్తుంది, పుట్టింటి ముందు గొబ్బెమ్మలు పెడుతుంది. 2022 ఏప్రిల్‌లో ఊరు కృష్ణా జిల్లా నుంచి కొత్త ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. శుభలేఖల మీద అడ్రసు మారింది తప్ప చుట్టరికాలు మారలేదు.

బస్సు టిక్కెట్టు దగ్గర మాత్రం సరిహద్దు బాగా తెలుస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద అమ్మ విజయవాడ దాకా పైసా ఇవ్వకుండా పోగలదు. అంతకన్నా దగ్గరున్న మధిరలో కూతుర్ని చూడాలంటే, ఎక్కింది అంతర్రాష్ట్ర బస్సు కాబట్టి టిక్కెట్టు కొట్టాల్సిందే. కూతురికి అటు మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు నుంచీ ఉంది, అదీ తెలంగాణ గీత దాకే. తల్లీకూతుళ్లిద్దరికీ ఉచిత ప్రయాణముంది. ఒకరింటికి ఒకరు వెళ్లడానికి తప్ప!

యాత్రలకొస్తే పెద్దవాళ్లు ఇంత లెక్క చూసుకోరు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, జమలాపురం వెంకన్న పొద్దున్నే పోయి రాత్రికి తిరిగొచ్చే దూరాలు. శ్రీరామనవమికి తిరువూరు నుంచి భద్రాచలం ఒకే జాతీయ రహదారి. రెండేళ్లకోసారి మేడారం జాతర, 2026లో జనవరి 28 నుంచి 31 దాకా జరిగింది. ఈమధ్య పౌర్ణమికి అరుణాచలం బస్సులు వేస్తున్నారు. మోకాళ్లు నొప్పులన్న పెద్దమ్మే ముందు సీటు కోసం పోట్లాడుతుంది. తిరుమల ఒక్కటే ముందుచూపు అడుగుతుంది. మూడొందల రూపాయల టిక్కెట్ల కోటా నెలల ముందు ఆన్‌లైన్లో పెడతారు, పావుగంట ఆలస్యమైతే ఉండవు. వాటిని పట్టే పని బెంగళూరు కోడలికి అప్పజెప్పారు.

కదలని తేదీ

ఇన్ని తేదీలు సర్దుకునే ఇంట్లో ఒక్కటి మాత్రం కదలదు. నాన్నగారి తద్దినం. పెళ్లిరోజును శనివారానికి జరపొచ్చు, బారసాలను వారం వెనక్కి నెట్టొచ్చు. పోయినవారి తిథి మటుకు తిథే. కొడుకు అక్కడ ఉంటే ఆ ఊరి అపరాహ్ణానికి ఏ తిథి ఉందో చూసుకోవాలి. అన్నదమ్ములు ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ ఉంటే ఒక్కోసారి ఇద్దరూ వేర్వేరు తేదీల్లో పెడతారు. ఆఫీసులో ఆ సెలవు కావాలని చెప్పడం కూడా కష్టమే. ఏటా మారే వర్ధంతి అంటే మేనేజరుకు అర్థం కాదు.

ఆ ఇంట్లో ఇప్పుడు మాటలన్నీ 2027 మీదికి పోతున్నాయి. గోదావరి పుష్కరాలు జూన్ 26న మొదలవుతాయి. అమెరికా పిల్లలకు సెలవులే, ఇక్కడి పిల్లలు అప్పటికి బడికి పోతుంటారు. పిండప్రదానానికి కొడుకులిద్దరూ ఉండాలని అమ్మ పట్టు. భద్రాచలమా, రాజమండ్రా అన్నది తేలలేదు. భద్రాచలమైతే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చని పెద్దకొడుకు అంటాడు. రాజమండ్రి అయితే మనవలకు బోటు ఎక్కించొచ్చని చిన్నకొడుకు. 2015 పుష్కరాల మొదటి రోజు అక్కడ జరిగిన తొక్కిసలాట అమ్మకు గుర్తుంది. ఎక్కడికైనా సరే మొదటి రోజు వద్దంది. క్యాలెండరు ఇంకా రాలేదు కాబట్టి, ఆ మాట పాత దాని వెనక అట్టమీద రాసిపెట్టింది.