రెండు కరపత్రాలు

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగుచేయించి చూడమనడం ఎలా మరిచిపోయారో! కొవ్వూరులో మా తాతగారి నాటి మండువా ఇంటికి మొన్న వేసవిలో ఆ ముచ్చట తీరింది. వసారాను గదిగా మార్చడం, చెదతిన్న ద్వారబంధాలు తీసి కొత్తవి నిలపడం, వంటింట్లో ప్లైవుడ్డు అలమారలు - ఇదీ పని.

మా మేస్త్రి నలభై ఏళ్ళుగా ఉలి పట్టినవాడు. ఎడమచేతి చూపుడువేలు మాత్రం సగమే ఉన్నది. అతను తెచ్చిన యంత్రం చూద్దును గదా, అది చలువరాళ్ళు కోసే మిషను! దానికే కర్ర కోసే పళ్ళ బ్లేడు బిగించారు. నాలుగంగుళాల పైచిలుకు చక్రం, నిమిషానికి సుమారు 13,000 చుట్లు తిరుగుతుంది. కింద మూత లేదు. మేస్త్రి కొడుకు మెడలో తువ్వాలుతో దానిమీదికి వంగి కోస్తున్నాడు.

"వేలు పోయింది దీనికేనా, మేస్త్రీ?"

"ఆయ్, దీనికేనండి మాస్టారూ. చౌకండి, చురుగ్గా ఉంటాదండి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఇద్దరం వంతెన దాటి రాజమండ్రి వెళ్ళాం, అసలైన చక్రపు రంపం చూడడానికి. "మా తాత టైములో టేకు దుంగలు గోదాట్లో తేలుతూ వచ్చేవంటండి. పైనొకడు, కిందొకడు నిలబడి రంపం లాగేవోరంట," అన్నాడు మేస్త్రి. చేత్తో పట్టుకునే కరెంటు రంపం ముచ్చట నేను చెప్పాను. 1920లలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ మిషెల్ అనే ఆయన దాన్ని తయారుచేశాడు. కూలీలు కత్తులతో చెరకు నరకడం చూసి ఆయనకీ ఆలోచన పుట్టిందంటారు. "చెరుగ్గెడలోంచి పుట్టిందాండీ!" అని మేస్త్రి తెగ సంబరపడ్డాడు.

కొట్టువాడు మోటారు ఎన్ని వాట్లో వర్ణిస్తున్నాడు. మేస్త్రి అదేమీ విననట్టే, ప్లగ్గు పెట్టని రంపం కింది మూతను వేలితో ఎత్తి వదిలాడు. టప్పున మూసుకున్నది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ వదిలాడు. ఇంకో రంపానికి ఆ మూత నెమ్మదిగా జారి సగంలో ఆగింది. దాన్ని పక్కన పెట్టేశాడు. తర్వాత అడుగు పలక వంగుతుందేమో నొక్కి చూశాడు. చివరికి ఏడుంబావు అంగుళాల బ్లేడున్నది ఒకటి నచ్చింది. అది సుమారు రెండున్నర అంగుళాల మందం కోస్తుంది. మూడంగుళాల ద్వారబంధమైతే తిప్పి రెండో వైపునుంచీ కొయ్యాలి.

ధర విని తిరిగి బల్లమీద పెట్టేశాడు. రాళ్ళ మిషనుకు రెట్టింపు పైనే! నా జేబూ వెనక్కి లాగింది. కాని ఆ సగం వేలు కళ్ళముందే ఉన్నదాయె. "సగం నాది," అన్నాను.

పెట్టెలో ఒక కాగితం కూడా వచ్చింది. మేస్త్రి దాన్ని మడిచి పారెయ్యబోయాడు. ఇక్కడ నాలోని తెలుగు మాస్టరు మేలుకున్నాడు. అమరకోశంలో రంపానికి క్రకచమనీ, కరపత్రమనీ పేర్లు. మనమేమో పంచిపెట్టే కాగితాన్ని కరపత్రమంటున్నాం. ఒక కరపత్రం కొంటే రెండోది ఊరికే వచ్చిందన్నమాట!

ఇంటికొచ్చి కుర్రవాణ్ణి కూర్చోబెట్టి అందులోని సంగతులు తెలుగులో చెప్పాను. బ్లేడు కర్ర కిందికి పావంగుళం మించి దిగకూడదు. కోసిన సందు మూసుకుపోయి బ్లేడును బిగిస్తే యంత్రం మనిషి మీదికి ఎగదన్నుతుంది. అందుకే తెగే ముక్క స్వేచ్ఛగా పడిపోయేలా చెక్కను ఆనించాలి. పాత కర్రలో మేకులు ముందే పీకాలి. బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు తీసెయ్యాలి. పళ్ళు కిందినుంచి పైకి కోస్తాయి గనక ప్లైవుడ్డు మంచి ముఖాన్ని కిందికి పెట్టాలి. మూతను మాత్రం ఎన్నడూ తీగతో కట్టెయ్యకూడదు.

కుర్రవాడు మాట్లాడలేదు. మెడలో తువ్వాలు తీసి స్తంభానికి తగిలించి పనిలోకి దిగాడు.

పని ముగిసి లెక్కలు తేలిన రోజున మేస్త్రి గుమ్మంలో తటపటాయించాడు. కూలి తక్కువైందేమో అనుకున్నాను.

"ఆ కాగితం ఇప్పించండి మాస్టారూ. మావోడి దగ్గరుంటాది."

రెండు కరపత్రాలూ ఒకే సంచిలో వెళ్ళాయి.